గ్లాస్గో ఇంజనీర్లు, ఓడల నిర్మాతల సంస్థ: అధ్యక్షుల జాబితాలో దొరకని చరిత్ర

విశాఖలో నేవల్ ఆర్కిటెక్చర్ చదువుతున్న మీరు అడిగింది ఇదీ: స్కాట్లాండ్‌లోని ‘ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ అండ్ షిప్‌బిల్డర్స్’ చరిత్ర మీద సెమినార్ ఇవ్వాలి. ఎంత వెతికినా అధ్యక్షుల పేర్లు, భవనం ఫొటో తప్ప ఏమీ దొరకడం లేదు. అసలది యూనియనా, లైసెన్సులిచ్చే బోర్డా? దానివల్ల ఓడల తయారీలో ఏమైనా మారిందా?

యూనియన్ కాదు, లైసెన్సు బోర్డూ కాదు. ఓడ ఇంజనీర్లకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పని 1862 చట్టంతో బ్రిటిష్ బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌కు వెళ్లింది. ఓడను తనిఖీ చేసి దానికి ‘క్లాస్’ (నాణ్యత శ్రేణి) ఇచ్చేది లాయిడ్స్ రిజిస్టర్. కార్మికుల కూలి గొడవలు వాళ్ల సంఘాలు చూసుకునేవి. ఈ సంస్థ చేసిన పని వేరు. ఒక సభ్యుడు తన లెక్కలు, కొలతలు పేపర్‌గా రాసి సభలో చదవాలి. మిగతావాళ్లు నిలదీయాలి. అతను బదులు చెప్పాలి. పేపరూ, ప్రశ్నలూ, జవాబులూ అన్నీ కలిపి ఏటా ఒక సంపుటంగా అచ్చువేయాలి. ఇంతే. కానీ ఒకే క్లైడ్ నది ఒడ్డున, ఒకే ఆర్డర్ కోసం పోటీపడే యార్డులవాళ్లు తమ అంకెలు తెచ్చి పక్క యార్డువాడి ముందు పెట్టడమంటే మాటలు కాదు. 1857లో దాచుకున్న లెక్కలు 1880ల నాటికి బల్ల మీదికి ఎలా వచ్చాయన్నదే దీని అసలు చరిత్ర. నన్నడిగితే సెమినార్ మొత్తం దాని చుట్టూనే నడపాలి.

పుట్టుక గురించి క్లుప్తంగా. 1857 మే 1న గ్లాస్గోలో ‘ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ ఇన్ స్కాట్లాండ్’ పేరుతో మొదలైంది. తొలి అధ్యక్షుడు విలియం జాన్ మక్వోర్న్ రాంకిన్. థర్మోడైనమిక్స్‌లో మీరు చదివే రాంకిన్ సైకిల్ ఆయనదే. 1855 నుంచి గ్లాస్గో విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగ్, మెకానిక్స్ ప్రొఫెసర్. ఆయన చుట్టూ చేరినవాళ్లని చూడండి: రైలింజన్లు చేసే వాల్టర్ నీల్సన్, కాట్రిన్ సరస్సు నుంచి గ్లాస్గోకు మంచినీళ్లు తెచ్చే పథకంలో పనిచేసిన జేమ్స్ మోరిస్ గేల్, ఓడలు కట్టే నేపియర్ కుటుంబం నుంచి జేమ్స్ రాబర్ట్ నేపియర్. లండన్‌లో సివిల్ ఇంజనీర్ల సంస్థ 1818 నుంచే ఉంది, మెకానికల్ వాళ్లది 1847లో బర్మింగ్‌హామ్‌లో పుట్టింది. గ్లాస్గోలో మాత్రం అన్ని శాఖలవాళ్లూ ఒకే గదిలో కూర్చున్నారు. రైలింజన్ బాయిలర్ గురించి నీల్సన్‌కు తెలిసిన సంగతి ఓడ బాయిలర్ కట్టేవాడి చెవిన పడే వీలు అక్కడ ఉంది.

ఓడల నిర్మాతలు మొదట్లో వేరుగానే ఉన్నారు. 1860లో ‘స్కాటిష్ షిప్‌బిల్డర్స్ అసోసియేషన్’ పెట్టుకున్నారు. లండన్‌లో నేవల్ ఆర్కిటెక్టుల సంస్థ పుట్టిందీ ఆ ఏడే. 1865లో గ్లాస్గో సంఘాలు రెండూ కలిశాయి, ఆ కలయిక నుంచే ‘ఇంజనీర్స్ అండ్ షిప్‌బిల్డర్స్’ అన్న పేరు వచ్చింది. ఈ కలయికను పాలనాపరమైన సంగతిగా ఒక్క వాక్యంలో దాటేస్తుంటారు. నా దృష్టిలో ఇది సాంకేతికంగా తప్పనిసరైంది. చెక్క ఓడకు తెరచాప కట్టే రోజుల్లో హల్ (ఓడ మొండెం) ఒకరి పని, ఇంజను ఇంకొకరి పని అంటే చెల్లింది. ఇనప ఓడలో ప్రొపెల్లర్ తిరగడం మొదలయ్యాక ఎన్ని హార్స్‌పవర్ కావాలన్నది హల్ ఆకారం తెలియకుండా తేలదు. హల్‌లో ఎంత చోటు మిగులుతుందన్నది బొగ్గు ఎంత తింటుందో తెలియకుండా తేలదు.

ఇక దాచుకున్న లెక్క సంగతి. 1857 చివర్లో నేపియర్ తాను కట్టబోయే ‘అడ్మిరల్’ అనే స్టీమర్‌కు ఎంత పవర్ కావాలో చెప్పమని రాంకిన్‌ను అడిగాడు. యార్డు దగ్గరున్న పాత ట్రయల్స్ (కొత్త ఓడను నడిపి చూసే పరీక్షలు) కొలతలు ఆయన చేతికిచ్చాడు. రాంకిన్ వాటి నుంచి ఒక సూత్రం రాబట్టాడు, ఓడ కూడా ఆ లెక్కకు తగ్గట్టే నడిచింది. కానీ అది వ్యాపార రహస్యం. అందుకని 1858లో రాంకిన్ ఆ సూత్రాన్ని ఒక సైన్స్ పత్రికలో అక్షరాలు కలగాపులగం చేసి అచ్చువేయించాడు. వాక్యంలో ‘ఏ’లు ఎన్ని, ‘బీ’లు ఎన్ని, ‘సీ’లు ఎన్ని అనే లెక్క తప్ప అందులో ఇంకేమీ లేదు. కనిపెట్టింది నేనే అన్న హక్కు దక్కుతుంది, పోటీదారుకు అక్షరం ముక్క అర్థం కాదు. వాక్యాన్ని తర్వాతి సంవత్సరాల్లో విప్పి చెప్పాడు. ఇంజనీర్ల సంస్థకు తొలి అధ్యక్షుడి పరిస్థితే ఇలా ఉందంటే యార్డుల మధ్య గోడలు ఎంత ఎత్తున ఉండేవో ఊహించండి.

ఆ సూత్రం క్లాసులో చెప్పదగ్గది. నీటిలో మునిగిన హల్ పొడవును సగటు చుట్టుకొలతతో గుణించాలి. ముక్కు, తోక భాగాల్లో నీటి గీతలు ఎంత వాలుగా ఉన్నాయో చూసి దానికో పెంపు గుణకం కట్టి, దాంతోనూ గుణించాలి. వచ్చిన వైశాల్యాన్ని వేగం ఘనంతో గుణించి 20,000తో భాగించాలి. వైశాల్యం చదరపు అడుగుల్లో, వేగం నాట్లలో ఉంటే ఇండికేటెడ్ హార్స్‌పవర్, అంటే ఇంజను సిలిండర్లలో పుట్టే పవర్, వస్తుంది. 20,000 అన్నది శుభ్రంగా రంగు వేసిన ఇనప హల్‌కు. అడుగున నాచు, గుల్లలు పట్టిన ఓడకు ఆ సంఖ్య తగ్గుతుంది, అంటే పవర్ ఎక్కువ కావాలి. దీని లోపం ఎక్కడంటే, ఇది నీటి రాపిడిని మాత్రమే లెక్కేస్తుంది. పొడవుతో పోలిస్తే వేగం తక్కువగా ఉన్న ఓడకు బాగానే సరిపోతుంది. వేగం పెరిగి ఓడ తన చుట్టూ పెద్ద అలలు లేపడం మొదలుపెట్టాక ఆ అలలకు పోయే శక్తి ఈ లెక్కలో ఎక్కడా లేదు. రాపిడిని, అలల నిరోధాన్ని విడదీసి మోడల్ నుంచి అసలు ఓడకు ఎలా వెళ్లాలో చూపించినవాడు విలియం ఫ్రూడ్. అందుకోసం ఇంగ్లండ్‌లోని టార్కీ దగ్గర అడ్మిరల్టీ (బ్రిటిష్ నౌకాదళ శాఖ) డబ్బుతో 1870ల మొదట్లో మోడల్ ఓడల్ని లాగి కొలిచే నీటి ట్యాంక్ కట్టాడు.

విలియం డెన్నీ వచ్చింది ఇక్కడే. క్లైడ్ ఒడ్డున డంబార్టన్‌లో డెన్నీ యార్డు. అప్పటి పద్ధతి ఏమిటంటే, ఓడ పూర్తయ్యాక మైలు గుర్తుల మధ్య పూర్తి వేగంతో ఒకసారి నడిపేవారు. వచ్చిన వేగాన్ని ‘అడ్మిరల్టీ కోఎఫిషెంట్’లో పెట్టేవారు. డిస్‌ప్లేస్‌మెంట్‌ను (ఓడ పక్కకు నెట్టే నీటి బరువును) 2/3 ఘాతానికి పెంచి, వేగం ఘనంతో గుణించి, పవర్‌తో భాగిస్తే వచ్చేది ఆ కోఎఫిషెంట్. పవర్ ఎప్పుడూ వేగం ఘనంతోనే పెరుగుతుందన్న నమ్మకం దీని వెనక ఉంది. ఆ నమ్మకం సగమే నిజం. 1875లో డెన్నీ ఈ సంస్థలోనే వేగం లెక్కల్లో వచ్చే చిక్కుల మీద పేపర్ చదివాడు. ఒక్క వేగం దగ్గర తీసిన ఒక్క అంకెతో ఏమీ తేలదని, నాలుగైదు వేగాల దగ్గర ట్రయల్ తీసి కర్వ్ గీయాలని ఆయన వాదన. దానికంటే పెద్ద సంగతి, తన ఓడల ట్రయల్ ఫలితాల్ని ఆయన బయటపెట్టాడు. బ్రిటిష్ ఇండియా కంపెనీకి కట్టిన ‘మర్కారా’ వంటి ఓడల అంకెల్ని ఫ్రూడ్ తీసుకుని 1876లో విశ్లేషించాడు. సిలిండర్లలో పుట్టే పవర్‌లో ఓడను నిజంగా ముందుకు లాగేది దాదాపు 40 శాతమేనని, మిగిలింది ఇంజను రాపిడిలో, ప్రొపెల్లర్ నష్టాల్లో పోతోందని తేలింది. రాంకిన్ అక్షరాలు కలగాపులగం చేసి పద్దెనిమిదేళ్లే అయింది. అంతలో ఒక యార్డు యజమాని తన అంకెలు తీసి, తన దగ్గర ఉద్యోగం చేయని శాస్త్రవేత్త చేతిలో పెట్టాడు.

ఈ ట్రయల్ ఎలా తీస్తారో వివరంగా చెప్పండి. మీ క్లాస్‌లో ఎవరో ఒకరు అడిగే తీరతారు. క్లైడ్ ముఖద్వారంలో స్కెల్‌మోర్లీ దగ్గర ఒడ్డున రెండు జతల స్తంభాలు, వాటి మధ్య సరిగ్గా ఒక నాటికల్ మైలు. ఒక జతలోని రెండు స్తంభాలు ఒకే గీతలోకి వచ్చిన క్షణాన వాచీ నొక్కుతారు, రెండో జత కలిసినప్పుడు ఆపుతారు. ప్రతి వేగం దగ్గరా ఎదురు బొదురుగా నడపాలి, ఎందుకంటే పోటు ఒకవైపు తోస్తుంది, ఇంకోవైపు ఆపుతుంది. ఒక్కో పరుగులో ప్రొపెల్లర్ చుట్లు లెక్కపెట్టాలి, ప్రతి సిలిండర్ రెండు కొసల నుంచీ ఇండికేటర్ కార్డు తీయాలి. ఆ కార్డు మీద పీడనం గీసిన ఉచ్చు వైశాల్యం నుంచే పవర్ వస్తుంది.

సగటు తీయడంలో చాలామంది పప్పులో కాలేస్తారు. సమయాల సగటు తీయకూడదు, వేగాల సగటు తీయాలి. 12 నాట్ల ఓడ, 1 నాట్ పోటు అనుకోండి. పోటుతో 13, ఎదురు 11. వేగాల సగటు 12, సరైందే. అదే సమయాల సగటు తీస్తే 4.615 నిమిషాలు, 5.455 నిమిషాలు కలిపి సగం 5.035 నిమిషాలు, అంటే 11.92 నాట్లు. తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ, కాంట్రాక్టు వేగానికి కాస్త తగ్గినా జరిమానా కట్టాల్సి వచ్చే యార్డుకు ఇది పెద్దదే. ఇంకో చిక్కు: ట్రయల్ జరుగుతుండగానే పోటు మారుతుంది. మూడు పరుగుల్లో అది +1.0, −0.8, +0.6 అనుకుంటే చదివే వేగాలు 13.0, 11.2, 12.6. మామూలు సగటు 12.27, తప్పు. మధ్య పరుగును రెండుసార్లు లెక్కేసి నాలుగుతో భాగిస్తే సరిగ్గా 12.0 వస్తుంది. నాలుగు పరుగులైతే మధ్యవాటికి మూడేసి వంతులిచ్చి ఎనిమిదితో భాగించాలి. దీన్నే సగటుల సగటు అంటారు.

కొలత చెడిపోయే దారులు ఇంకా ఉన్నాయి. మొదటి స్తంభానికి ముందు తగినంత దూరం తీసుకోకపోతే ఓడ ఇంకా వేగం పుంజుకుంటూనే ఉంటుంది. నీళ్ల లోతు చాలకపోతే అలల తీరే మారిపోయి నిరోధం పెరుగుతుంది. పరుగు మధ్యలో చుక్కాని అటూ ఇటూ తిప్పితే వేగం పడిపోతుంది. ఏరి తెచ్చిన మేలు రకం బొగ్గుతో, నిపుణులైన ఫైర్‌మెన్‌తో ట్రయల్ తీస్తే వచ్చే అంకె సరుకు నింపుకుని రెండు నెలలు తిరిగిన ఓడకు ఎప్పటికీ రాదు. అందుకే పాత సంపుటాల్లో ట్రయల్ పట్టిక కనబడగానే డ్రాఫ్ట్ (ఓడ నీటిలో మునిగిన లోతు), డిస్‌ప్లేస్‌మెంట్ ఎంత, అడుగు కడిగి ఎన్ని రోజులైందన్నవి ముందు చూడాలి. అవి లేని పట్టికకు విలువ సగమే.

డెన్నీ అక్కడితో ఆగలేదు. 1883లో డంబార్టన్‌లో సొంత మోడల్ ట్యాంక్ తెరిచాడు. ప్రపంచంలో ఒక ప్రైవేటు యార్డు కట్టుకున్న తొలి ట్యాంక్ అదే. పొడవు సుమారు 300 అడుగులు. పారఫిన్ మైనంతో మోడల్ పోతపోసి, నీటి గీతల వెంబడి యంత్రంతో చెక్కి, చేత్తో నునుపు చేస్తారు. మైనం ఎందుకంటే, చెక్కలా నీళ్లు పీల్చదు, ఆకారం మార్చాలంటే ఇంకాస్త చెక్కితే చాలు, పని అయ్యాక కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. భవనం ముఖభాగంలో డెన్నీ పెట్టించింది తన బొమ్మ కాదు, ఫ్రూడ్ బొమ్మ. ఆ ట్యాంక్ ఇప్పుడు స్కాటిష్ మారిటైమ్ మ్యూజియం చేతిలో ఉంది, చూడవచ్చు. డెన్నీ 1886లో సంస్థకు అధ్యక్షుడయ్యాడు, పదవిలో ఉండగానే 1887 మార్చిలో బ్యూనస్ ఎయిరిస్‌లో చనిపోయాడు. వయసు నలభై దాటలేదు.

1883 ఈ చరిత్రలో చాలా బరువైన ఏడాది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో జాన్ ఎల్డర్ పేరిట నేవల్ ఆర్కిటెక్చర్ పీఠం పెట్టడానికి ఆయన భార్య ఇసబెల్లా ఎల్డర్ 12,500 పౌండ్లు ఇచ్చింది. ఈ సబ్జెక్టుకు ప్రపంచంలో మొదటి పీఠం అదే. తొలి ప్రొఫెసర్ ఫ్రాన్సిస్ ఎల్గర్. అదే ఏడు జులై 3న గ్లాస్గోలోని లింట్‌హౌస్ యార్డులో ‘డాఫ్నీ’ అనే స్టీమర్ నీటిలోకి జారిన కొద్ది క్షణాలకే ఎడమవైపు ఒరిగి బోల్తాపడింది. ఓడ నీళ్లలోకి దిగగానే పని కొనసాగించడానికి సుమారు 200 మంది పనివాళ్లు లోపలే ఉన్నారు. 124 మంది పోయారు, వారిలో పిల్లలు కూడా ఉన్నారు.

విచారణ చేసిన సర్ ఎడ్వర్డ్ రీడ్ తేల్చింది, ఓడకు తొలి స్టెబిలిటీ (కొద్దిగా ఒరిగినా మళ్లీ నిటారుగా నిలిచే గుణం) చాలా తక్కువ అని, దానికి తోడు కట్టకుండా వదిలేసిన సామాను, అంతమంది మనుషులు ఒక్కసారిగా ఒకవైపు జారడమని. లాంచింగ్ నాటి ఓడ పూర్తయిన ఓడ కాదు. అడుగున ఉండాల్సిన బరువులు చాలావరకు ఇంకా ఎక్కలేదు, పై డెక్కులు మాత్రం కట్టేశారు, అంటే గురుత్వ కేంద్రం పైన ఉంది. ఈ స్థితిలో లెక్క ఎవరూ కట్టేవారు కాదు, పూర్తయిన ఓడకే కట్టేవారు. ఆ తర్వాత లాంచింగ్ స్థితికి కూడా స్టెబిలిటీ లెక్క ముందే కట్టడం, లోపల మనుషుల్ని అత్యవసరమైనంతకే పరిమితం చేయడం పద్ధతిగా మారింది. డెన్నీ మరుసటి ఏడే, 1884లో, ఏ డిస్‌ప్లేస్‌మెంట్ దగ్గరైనా స్టెబిలిటీ చదువుకునేందుకు ‘క్రాస్ కర్వ్స్’ పద్ధతిని లండన్ నేవల్ ఆర్కిటెక్టుల ముందు పెట్టాడు. మీరిప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఒక బటన్‌తో గీసే కర్వులు అవే.

ఈ చోట ఇంక్లైనింగ్ టెస్ట్, అంటే ఓడను కావాలని కాస్త ఒరిపి స్టెబిలిటీ కొలిచే పరీక్ష, చూపించండి. 2,000 టన్నుల ఓడ మీద 10 టన్నుల బరువును ఒక పక్క నుంచి ఇంకో పక్కకు 8 మీటర్లు జరిపారు. 4 మీటర్ల తూకపు దారం 16 సెంటీమీటర్లు కదిలింది, అంటే వాలు 0.04. బరువును దూరంతో గుణించి, డిస్‌ప్లేస్‌మెంట్, వాలు రెండింటి లబ్ధంతో భాగిస్తే మెటాసెంట్రిక్ ఎత్తు (తొలి స్టెబిలిటీకి కొలత) 1 మీటరు. టెస్ట్ చెడేది ఎప్పుడంటే: ట్యాంకుల్లో సగం నీళ్లుండి అటూ ఇటూ పొర్లితే, లంగరు తాళ్లు బిగిసి ఉంటే, గాలి పక్కనుంచి కొడితే, డెక్కు మీద మనుషులు తిరుగుతుంటే. బిగిసిన తాడు ఓడను ఒరగనివ్వదు, దాంతో ఎత్తు ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. ప్రాణాల మీదికి తెచ్చే పొరపాటు ఇదే.

ఇంజన్ల వైపు వద్దాం. జాన్ ఎల్డర్ 1854లో ‘బ్రాండన్’ ఓడకు కాంపౌండ్ ఇంజను (ఒకే ఆవిరిని రెండు దశల్లో వాడేది) పెట్టి బొగ్గు ఖర్చులో సుమారు మూడో వంతు ఆదా చేశాడు. 1869లో ఆయన్ని సంస్థ అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు, బాధ్యత తీసుకోకముందే సెప్టెంబరులో 45 ఏళ్లకే కన్నుమూశాడు. జాబితాలో రాంకిన్ పేరు 1869 దగ్గర మళ్లీ కనిపించేది అందుకే. చాలామంది దాన్ని అచ్చుతప్పు అనుకుంటారు.

కాంపౌండ్ ఇంజను తెలిసి కూడా పీడనం పెంచడానికి అంతకాలం ఎందుకు పట్టిందంటే, అడ్డం ఇంజను కాదు, ఉప్పునీళ్లు. పాత జెట్ కండెన్సర్‌లో ఆవిరి మీద సముద్రపు నీళ్లు చల్లేవారు, ఆ నీళ్లే మళ్లీ బాయిలర్‌లోకి పోయేవి. వేడి పెరిగేకొద్దీ కాల్షియం సల్ఫేట్ నీటిలో కరిగే గుణం తగ్గిపోతుంది. చదరపు అంగుళానికి 35 పౌన్ల పీడనం దగ్గర, అంటే సుమారు 138 డిగ్రీల దగ్గర, అది గట్టి పొరగా ప్లేట్లకు పట్టేస్తుంది. పొర పట్టిన ప్లేటు వేడిని నీళ్లకు ఇవ్వలేక ఎర్రగా కాలి ఉబ్బుతుంది. ఆవిరిని సముద్రపు నీళ్లతో కలపకుండానే చల్లార్చే సర్ఫేస్ కండెన్సర్ వచ్చి మంచినీళ్లే తిరిగి వాడటం కుదిరాక 60 పౌన్లకు వెళ్లారు. అక్కడ ఇంకో గోడ, ఇనప ప్లేటు బలం. పెద్ద గుండ్రటి బాయిలర్‌కు పీడనం రెట్టింపైతే ప్లేటు మందమూ రెట్టింపు కావాలి. అంత మందపు ఇనప ప్లేటును నమ్మకంగా వంచి రివెట్ కొట్టడం కష్టం.

అలెగ్జాండర్ కార్నెగీ కిర్క్ 1874లో ‘ప్రొపాంటిస్’ ఓడలో ట్రిపుల్ ఎక్స్‌పాన్షన్ ఇంజను (ఆవిరిని మూడు దశల్లో వాడేది) పెట్టాడు. ఇంజను బాగానే ఉంది, ఆవిరి ఇవ్వాల్సిన కొత్తరకం నీటిగొట్టాల బాయిలర్లు నిలవలేదు, మార్చేయాల్సి వచ్చింది. ఈ వైఫల్యంతో ఆయన ఆగిపోలేదు. సీమెన్స్ ఉక్కు ప్లేట్లు, ముడతలు పెట్టిన ఫర్నేసులు దొరికేదాకా ఓపిక పట్టాడు. 1881లో నేపియర్ యార్డు నుంచి ‘అబర్డీన్’ వచ్చింది. పీడనం 125 పౌన్లు, సిలిండర్ల వ్యాసాలు 30, 45, 70 అంగుళాలు, స్ట్రోకు 54 అంగుళాలు. వ్యాసాల వర్గాలు తీస్తే వైశాల్యాల నిష్పత్తి 1 : 2.25 : 5.44 వస్తుంది. ప్రతి దశలో ఆవిరి రెట్టింపు కంటే కాస్త ఎక్కువగా వ్యాకోచిస్తుందన్నమాట. ఒక్కో సిలిండర్‌లో ఉష్ణోగ్రత తేడా తగ్గుతుంది కాబట్టి గోడల మీద ఆవిరి నీరుగా మారిపోయే నష్టం తగ్గుతుంది. లాభం ఎక్కువగా అక్కడి నుంచే. 1882లో ప్లిమత్ నుంచి 4,000 టన్నుల సరుకుతో బయలుదేరి, బొగ్గు కోసం కేప్‌టౌన్‌లో ఒక్కచోటే ఆగి, 42 రోజుల్లో మెల్‌బోర్న్ చేరింది. దూరప్రయాణాల్లో తెరచాప ఓడలకు మిగిలిన మార్కెట్ అక్కడి నుంచి కరిగిపోయింది. డెన్నీ చనిపోయాక అధ్యక్షుడైంది ఈ కిర్కే.

తర్వాతి కథ త్వరగా చెప్పొచ్చు. 1908 నాటికి ఎల్మ్‌బ్యాంక్ క్రెసెంట్‌లో సొంత భవనం వచ్చింది. టైటానిక్‌తో పాటు మునిగిన ఇంజనీర్ల స్మారకం అక్కడ ఉంది. ఆ ఓడ ఇంజనీర్లలో ఒక్కరూ బయటపడలేదు. 1913లో క్లైడ్ యార్డులు 7 లక్షల 50 వేల టన్నులకు పైగా ఓడలు దించాయి, ప్రపంచ ఉత్పత్తిలో దాదాపు ఐదో వంతు. డెన్నీ యార్డు 1963లో మూతపడింది, లింట్‌హౌస్ ఆ దశాబ్దంలోనే పోయింది. ఎల్మ్‌బ్యాంక్ భవనం ఇప్పుడు స్కాటిష్ ఒపెరా కార్యాలయం. సంస్థ బతికే ఉంది, పేరు మళ్లీ 1857 నాటి ‘ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ ఇన్ స్కాట్లాండ్’. 2011లో స్కాటిష్ ఇంజనీరింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదలుపెట్టింది వీళ్లే. యార్డులు తగ్గాయి కాబట్టి సంస్థ ప్రాభవమూ తగ్గింది, దాన్ని సెమినార్‌లో దాచాల్సిన పనిలేదు.

విశాఖతో లింకు కోసం బలవంతంగా పేర్లు లాక్కురాకండి. 1948 మార్చిలో ‘జల ఉష’ ఓడ నీటిలోకి దిగిన షిప్‌యార్డు చరిత్ర వేరు. నిజమైన లింకు పద్ధతిలో ఉంది. మీ ఊళ్లోనే నౌకాదళ పరిశోధనలు చేసే ఎన్‌ఎస్‌టీఎల్‌లో 500 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల లోతున్న టోయింగ్ ట్యాంక్ ఉంది. అక్కడ మోడల్ లాగి నిరోధాన్ని విడదీసే లెక్క టార్కీలో పుట్టి, డంబార్టన్‌లో యార్డు పనిగా మారిన లెక్కే. ఒక్క స్లైడు చాలు.

చివరగా సంపుటాలు చదివేటప్పుడు. పాతవి స్కాన్ చేసినవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. సంవత్సరం దగ్గర జాగ్రత్త, సెషన్ చలికాలం పొడవునా నడుస్తుంది కాబట్టి ఒక్కో సంపుటం రెండేళ్ల పేరుతో ఉంటుంది. పేపర్ చదివిన తేదీ లోపలి పేజీలో వెతికి అదే రాయండి. పేపర్ చదివి ఆపేయకండి, వెనకున్న చర్చ చదవండి. ఒక్కోసారి చర్చను తర్వాతి సమావేశానికి వాయిదా వేస్తారు, యాభై పేజీల తర్వాత కనిపిస్తుంది. రచయిత దాటేసిన లోపం అక్కడే బయటపడుతుంది.

కొలతల్లో నాలుగు గుంటలున్నాయి. ‘నామినల్ హార్స్‌పవర్’ అన్నది సిలిండర్ సైజు నుంచి, చదరపు అంగుళానికి 7 పౌన్ల పీడనం అనుకుని కట్టిన వ్యాపార అంకె. అసలు పవర్ దానికి అనేక రెట్లు ఉండొచ్చు, కాబట్టి ఇండికేటెడ్ అని స్పష్టంగా ఉంటేనే లెక్కలోకి తీసుకోండి. టన్ను అంటే 2,240 పౌన్లు, మన 1,016 కిలోలు. కానీ గ్రాస్ టన్ను అసలు బరువు కొలతే కాదు, 100 ఘనపుటడుగుల చోటు. 1913 నాటి ఏడున్నర లక్షలు ఈ టన్నులే, డిస్‌ప్లేస్‌మెంట్‌తో కలపకండి. అప్పటి నాట్ గంటకు 6,080 అడుగులు, కొన్ని పేపర్లలో మాత్రం వేగం నేల మీది మైళ్లలో ఉంటుంది, అంటే 5,280 అడుగులు. ఆ తేడా చూసుకోకపోతే వేగంలో 15 శాతం, ఘనం చేశాక పవర్‌లో సగానికి సగం తప్పు వస్తుంది. బొగ్గు ఖర్చు గంటకు హార్స్‌పవర్‌కు ఇన్ని పౌన్లని ఉంటే 0.608తో గుణించండి, కిలోవాట్ అవర్‌కు కిలోలు వస్తాయి. అది ఇండికేటెడ్ పవర్ మీద, షాఫ్ట్ పవర్ మీద కాదు. ఈనాటి డీజిల్ అంకెలతో పక్కపక్కన పట్టికలో పెట్టేముందు ఆ మాట పట్టిక కిందే రాసి పెట్టండి.